గుడిపాటి అంటే ఏమిటి? ఇంటిపేరుకు అర్థం ఎక్కడ వెతకాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: మీ ఇంటిపేరు గుడిపాటి. జర్మనీలో పనిచేస్తున్నారు. మీ టీమ్‌లో ష్మిట్ అనే ఆయన తన పేరుకు కమ్మరి అని అర్థం చెప్పి, మరి మీ పేరుకు అర్థమేంటని అడిగారు. ఇంటర్నెట్‌లో వెతికితే ఒకచోట "పాడుబడ్డ గుడి" అని, ఇంకోచోట "గుడికి సాటి" అని కనిపించింది. ఏది నిజమో, అసలు ప్రతి ఇంటిపేరుకూ అర్థం ఉంటుందో లేదో తెలుసుకోవాలనుకుంటున్నారు.

రెండూ తప్పే. గుడిపాటి అంటే "గుడిపాడు అనే ఊరికి చెందిన" అని అర్థం. అంతకు మించి అందులో ఏమీ లేదు. మీ వంశంలో ఒకాయన ఎప్పుడో గుడిపాడు నుంచి వేరే ఊరికి వెళ్ళి కాపురం పెట్టాడు. అక్కడివాళ్ళు ఆ ఇంటిని "గుడిపాటి వారు" అన్నారు. ఆ పిలుపే మీదాకా వచ్చింది.

నేను 30 ఏళ్ళకు పైగా దస్తావేజు లేఖరిగా ఉన్నాను. లింకు దస్తావేజులు, అంటే ఆస్తి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే పాత పత్రాలు, చదవడం, వంశవృక్షాలు రాయడం, ఎవరికి ఎవరు వారసులో తేల్చడం నా రోజువారీ పని. పాత కాగితాల్లో ఇంటిపేర్లు ఎలా మొదలయ్యాయో, ఎలా మారాయో, ఎక్కడ చెడిపోయాయో చూస్తూ వచ్చాను. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

ముందు ఆ "పాటి" సంగతి. పదో తరగతి వ్యాకరణంలో "ఇ, టి, తి వర్ణాలు ఔపవిభక్తికాలు" అని చదివే ఉంటారు. ఇల్లు - ఇంటి, నాడు - నాటి, ఏరు - ఏటి, చేయి - చేతి, నూయి - నూతి. "యొక్క" అనే మాట పెట్టకుండానే "దానికి చెందిన" అని చెప్పే పద్ధతి ఇది. పరీక్ష అయిపోగానే మరిచిపోయే ఈ సూత్రం మన ఇంటిపేర్లలో సగానికి తాళంచెవి. ఊరు చివర ఉంటే ఊరి అవుతుంది: కందుకూరు - కందుకూరి, టంగుటూరు - టంగుటూరి, వేమూరు - వేమూరి. పాడు ఉంటే పాటి అవుతుంది: నూతలపాడు - నూతలపాటి, గుడిపాడు - గుడిపాటి. చివర సున్న ఉంటే "పు" వస్తుంది: లక్కవరం - లక్కవరపు, ఏలేశ్వరం - ఏలేశ్వరపు. పల్లి, పూడి లాంటివి ఉన్నవున్నట్టే ఉంటాయి. అందుకే తాడేపల్లి అనే ఊరికీ, తాడేపల్లి అనే ఇంటిపేరుకూ తేడా కనిపించదు.

ఇంకొకటి. ఊరి పేర్ల చివర వచ్చే "పాడు"కు శిథిలం అనే అర్థం లేదు. నివాసం, ఊరు అనే అర్థంలో వాడిన పాత మాట అది. ఇప్పుడు ఆ అర్థం మాట్లాడే భాషలో పోయి, "పాడైపోవడం" ఒక్కటే మిగిలింది కాబట్టి మీరు చూసిన సైటు "పాడుబడ్డ గుడి" అని రాసేసింది. ఇంటిపేరును రెండు ముక్కలు చేసి ఒక్కో ముక్కకు నేటి అర్థం చెప్పడం వల్ల వచ్చే పొరపాటు ఇది. ఇంటిపేరుకు అర్థం చెప్పాలంటే ముందు అది ఏ జాతి మాటో తేల్చుకోవాలి: ఊరా, పనా, పూర్వీకుడి పేరా, బిరుదా? అది తేలకుండా నిఘంటువు తెరిస్తే దారి తప్పుతాం.

ఇది మాటవరసకు చెప్పడం లేదు. కొన్నేళ్ళ క్రితం ఒక పెద్దాయన వారసత్వ భూమి పని మీద నా దగ్గరికి వచ్చారు. ఇంటిపేరు పామర్తి. ఎవరో జ్యోతిష్కుడు "పాము, ఆర్తి" అని విడదీసి వీళ్ళ వంశానికి సర్పదోషం ఉందని చెప్పాడట. ఆయన ఆ టెన్షన్‌తో రెండుసార్లు శాంతి కూడా చేయించారు. నేను వాళ్ళ లింకు కాగితాలు తిరగేస్తుంటే తాతగారి కాలం నాటి భాగపంపిణీ దస్తావేజు బయటపడింది. స్టాంపు కాగితం మడతల దగ్గర చిరిగి వెనుక గుడ్డముక్క అతికించి ఉంది. సిరా గోధుమరంగుకు తిరిగింది. మొదటి పేరాలో ఇంటిపేరు పక్కనే "పూర్వ నివాసం పామఱ్ఱు" అని బండి ఱ కింద మరో బండి ఱ పెట్టి చక్కగా రాసి ఉంది. ఆ వరుస మీద వేలుపెట్టి ఆయనకు చూపించాను. పామఱ్ఱు - పామర్తి. పాడు పాటి అయినట్టే, "ఱ్ఱు" కాస్తా "ర్తి" అయింది. పాములపర్రు - పాములపర్తి కూడా ఇంతే. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు. "అంటే మేం పామర్రు వాళ్ళమా, అంతేనా?" అని అడిగారు. అంతే. అచ్చులో బండి ఱ పోయాక ఇలాంటి ఆనవాళ్ళు కంటికి ఆనడం మానేశాయి. అందుకే 60, 70 ఏళ్ళు దాటిన కాగితం ఏది దొరికినా పారేయొద్దని అందరినీ బతిమాలుతుంటాను.

ఇక్కడ చాలామందికి తట్టని విషయం ఒకటుంది. ఊరి పేరు ఇంటిపేరైందంటే, ఆ ఊరు విడిచి వచ్చారనే సాధారణంగా అర్థం. గుడిపాడులో ఉన్నవాళ్ళంతా గుడిపాడు వాళ్ళే. అక్కడ ఒకరిని గుర్తుపట్టడానికి ఆ పేరు పనికిరాదు. పొరుగూరికి వెళ్తేనే ఆ పేరు పనికొస్తుంది. కాబట్టి ఇంటిపేరు ఒక వలస గుర్తు. త్యాగరాజస్వామి ఇంటిపేరు కాకర్ల. ఆ ఊరు ప్రకాశం జిల్లా ప్రాంతంలో ఉంది. ఆయన పుట్టింది, పెరిగింది, పాడింది కావేరీ తీరంలో. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు కర్ణాటకలోని ముద్దెనహళ్ళిలో పుట్టారు. మోక్షగుండమేమో మన గిద్దలూరు వైపు ఉంది. సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు 1888లో తిరుత్తణిలో పుట్టారు, సర్వేపల్లి నెల్లూరు జిల్లాలో ఉంది. తరాలు గడిచినా, రోజూ చెవిన పడే భాష మారినా, విడిచి వచ్చిన ఊరిని ఆ కుటుంబాలు పేరుకు ముందు మోస్తూనే ఉన్నాయి. నాకు దీన్ని తలచుకున్నప్పుడల్లా ఒళ్ళు పులకరిస్తుంది. ఆస్తి కాగితం లేదు, ఫోటో లేదు, ఇంటిపేరొక్కటే మిగిలింది, అదీ నిజమే చెబుతోంది.

అయితే "మా ఊరు ఏ గుడిపాడు?" అని మీరు వెంటనే అడుగుతారు. అక్కడే జాగ్రత్త కావాలి. గుడిపాడు పేరుతో ఒకటి కాదు, పలు చోట్ల ఊళ్ళున్నాయి. ఏలేశ్వరం తీసుకోండి. గోదావరి జిల్లాల వైపు ఒకటి ఉంది. నల్గొండ వైపు ఉన్న ఏలేశ్వరమేమో నాగార్జునసాగర్ నీళ్ళలో మునిగిపోయింది. ఏలేశ్వరపు వారు తమ ఊరు ఇప్పటి పటంలో కనిపించింది కదా అని మొదటిదాన్నే పట్టుకుంటే తప్పిపోవచ్చు. అసలు జనమే లేని ఊళ్ళు కూడా ఉంటాయి. రెవెన్యూ లెక్కల్లో వాటిని బేచిరాక్ గ్రామాలంటారు. పారశీకంలో చిరాగ్ అంటే దీపం. దీపం పెట్టే దిక్కు లేని ఊరన్నమాట. హద్దులుంటాయి, సర్వే నంబర్లుంటాయి, ఇళ్ళుండవు. అలాంటి ఊళ్ళు కొన్ని ఇంటిపేర్లలో మాత్రం బతికున్నాయి.

ఊళ్ళు కాని ఇంటిపేర్ల విషయానికొస్తే, కందుల, మేకల, మిరియాల, ఆకుల లాంటివి ఉన్నాయి. వీటి చివర "ల" కూడా "చెందిన" అనే చెప్పే గుర్తు: మేకలు - మేకల. ఆ వస్తువు పండించారా, అమ్మారా, ఇంటి ముందు ఆ చెట్టు ఉండేదా అన్నది కాగితం దొరికితే తప్ప తేలదు. ఎవరైనా కథ చెబితే వినండి, రాసిపెట్టుకోండి, కానీ రుజువు అనుకోకండి. నేతి అంటే నేయికి చెందిన. మాట అర్థం తేటగానే ఉంది, కారణం తేటగా లేదు. ఈ రెండింటినీ కలిపేయకూడదు.

నేని సంగతి వేరు. సూరపనేని లాంటి పేర్లలో నేని అంటే "నాయని", అంటే నాయుడి. సూరప్ప నాయుడి వంశం వాళ్ళు అని. ఇది పూర్వీకుడి పేరు మీద వచ్చింది. పదవుల మీద వచ్చినవీ ఉన్నాయి. రాయసం అంటే రాజుగారి దగ్గర ఉత్తరాలు, శాసనాలు రాసే ఉద్యోగం. భండారు ఖజానాకు సంబంధించింది. సోమయాజుల వారి పూర్వీకుడు సోమయాగం చేశాడు. ఉత్తరాదిన వాజ్‌పేయీ అన్న పేరుకూ ఇలాగే వాజపేయ యాగం మూలం. భాషలు వేరు, పేరు పుట్టిన తీరు ఒక్కటే.

ఇప్పుడు మీ ష్మిట్‌గారి దగ్గరికి వద్దాం. ఆయన చెప్పింది నిజం. కమ్మరి లేని ఊరు లేదు, ఊరికి ఒకరో ఇద్దరో ఉండేవారు కాబట్టి పలానా ఇల్లు అని చెప్పడానికి ఆ పని బాగా పనికొచ్చింది. ఇంగ్లిష్‌లో స్మిత్, పోలిష్‌లో కొవాల్‌స్కీ, హంగేరియన్‌లో కొవాచ్, రష్యన్‌లో కుజ్నెత్సోవ్, అరబిక్‌లో హద్దాద్, ఇటాలియన్‌లో ఫెరారీ... అన్నీ కొలిమి దగ్గర పుట్టినవే. మన పక్కన మరాఠీలో లోహార్ ఉంది.

కానీ మీ పేరుకు సరైన జోడీ ష్మిట్ కాదు. జర్మన్‌లోనే వీనర్ అని ఉంటుంది, వియన్నా నుంచి వచ్చినవాడు అని. మీ పేరు ఆ జాతిది. మరాఠీలో "కర్" కూడా ఇదే పని చేస్తుంది. గోవాలోని మంగేషి ఊరి నుంచి మంగేష్కర్ వచ్చింది. హంగేరియన్ వాళ్ళయితే ఊరి పేరు చివర "ఇ" చేరుస్తారు: సెగెద్ నుంచి వచ్చినవాడు సెగెది. మన కందుకూరులో "రు" పోయి "రి" వచ్చినట్టే వినిపిస్తుంది. రెండు భాషలకూ చుట్టరికం ఉందని నేననడం లేదు. మనిషిని ఊరితో గుర్తుపెట్టుకునే అలవాటు అంత సహజం అంటున్నాను. పైగా హంగేరియన్లు కూడా మనలాగే ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత చెబుతారు. చైనా, జపాన్, కొరియా, వియత్నాంలో కూడా అంతే. "మనది తిరగేసిన పద్ధతి" అని విదేశాల్లో మనవాళ్ళు చిన్నబుచ్చుకోవడం విన్నాను. అలా అనుకోవాల్సిన పనేలేదు.

ఈ మాటలు ఎంత దూరం ప్రయాణిస్తాయో చెప్పడానికి వాషింగ్టన్ చాలు. ఇంగ్లండ్ ఈశాన్యంలో వాషింగ్టన్ అనే ఊరుంది. ఆ ఊరి మీద ఒక వంశానికి పేరొచ్చింది. ఆ వంశంలోని వ్యక్తి అమెరికా తొలి అధ్యక్షుడయ్యాడు. ఆయన మీద రాజధానికి పేరు పెట్టారు. ఊరు ఇంటిపేరై, ఇంటిపేరు మళ్ళీ ఊరైంది.

ప్రతి పేరూ పూర్వీకుడి సంగతి చెబుతుందనుకోవద్దు. కొన్ని దేశాల్లో ప్రభుత్వమే పేర్లు పెట్టించింది. టర్కీలో 1934 చట్టంతో అందరూ ఇంటిపేరు ఎంచుకోవాల్సి వచ్చింది. ముస్తఫా కెమాల్‌కు అతాతుర్క్, అంటే తుర్కుల తండ్రి, అన్న పేరు అప్పుడు వచ్చిందే. టర్కిష్‌లో దెమిర్ అంటే ఇనుము. చాలామంది ఆ మాటలోని గట్టిదనం నచ్చి పెట్టుకున్నారు. కాబట్టి దెమిర్‌ను చూసి తాత కమ్మరి అనుకోవడానికి లేదు. దెమిర్జి అయితే కమ్మరి అనే మాటే. జపాన్‌లో 1875లో సామాన్యులకూ ఇంటిపేరు తప్పనిసరి చేశారు. తనాకా అంటే వరిమడి నడుమ అని. ఫిలిప్పీన్స్‌లో 1849లో స్పానిష్ గవర్నర్ జనరల్ క్లవేరియా ఉత్తర్వుతో పేర్ల జాబితా ఒకటి ఊళ్ళకు పంపి అందులోంచి పంచారు. అందువల్ల అక్కడ స్పానిష్ ఇంటిపేరు ఉన్నంత మాత్రాన స్పెయిన్ రక్తం ఉందనడానికి ఆధారం కాదు.

అసలు ఇంటిపేరే లేని పద్ధతులున్నాయి. ఐస్‌లాండ్‌లో విగ్దిస్ ఫిన్‌బోగదోత్తిర్ అని అధ్యక్షురాలు ఉండేవారు. ఫిన్‌బోగి కూతురు విగ్దిస్ అని దాని అర్థం. తరం మారితే పేరు మారుతుంది. మన పొరుగున తమిళుల్లో పేరు ముందు వచ్చే అక్షరం ఎక్కువగా తండ్రి పేరు. సి.వి. రామన్‌లో "సి" తండ్రి చంద్రశేఖర్‌ది. పి.వి. నరసింహారావులో "పి" మాత్రం పాములపర్తి. ఒకేలా కనిపించే రెండు ఇనీషియళ్ళు, రెండు వేరే సంగతులు. తమిళనాట స్థిరపడిన తెలుగు కుటుంబాల వంశవృక్షం రాసేటప్పుడు నేను మొదట అడిగేది ఇదే: ఈ అక్షరం ఊరిదా, నాన్నగారిదా?

కొరియాలో ఇంకో తీరు. ప్రతి ఐదుగురిలో ఒకరికి పైగా కిమ్ అనే ఇంటిపేరే. అందుకని గిమ్‌హే కిమ్, గ్యోంగ్జు కిమ్ అని మూలస్థానం చెప్పుకుంటారు. పేరూ మూలస్థానమూ ఒకటైతే పెళ్ళి కూడదన్న నియమం చట్టంలో కూడా ఉండేది. 1997లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం అది చెల్లదంది. సగోత్రం పట్టింపు ఎరిగిన మనకు ఇది సులువుగా అర్థమవుతుంది.

మళ్ళీ మన దగ్గరికి వస్తే, మీరు చేయకూడని పొరపాట్లు రెండు చెబుతాను.

ఒకటి, ఇంటిపేరు ఒకటే కాబట్టి చుట్టాలం అనుకోవడం, లేదా ఇంటిపేరును బట్టి కులం చెప్పేయడం. ఒక ఊరి నుంచి అన్ని కులాల వాళ్ళూ వలస వెళ్ళారు. అందరికీ ఆ ఊరి పేరే మిగిలింది. నా దగ్గరికి వచ్చిన కాగితాల్లో ఒకే ఇంటిపేరు నాలుగైదు కులాల్లో చూశాను.

రెండు, ఇంటిపేరు మారదు అనుకోవడం. మీ పేరే ఉదాహరణ. రచయిత చలం పూర్తి పేరు గుడిపాటి వెంకటచలం. కానీ ఆయన పుట్టింది కొమ్మూరి వారింట. మాతామహుడు దత్తత తీసుకోవడంతో గుడిపాటి అయ్యారు. శ్రీశ్రీ కూడా అంతే. పుట్టింటి పేరు పూడిపెద్ది, దత్తతతో శ్రీరంగం. బూర్గుల రామకృష్ణారావుగారి ఇంటిపేరు అసలు పుల్లంరాజు. సొంతూరు బూర్గుల పేరే తర్వాత ఇంటిపేరుగా నిలిచింది. కాబట్టి మీ ఇంట్లో దత్తత ఉందో, ఇల్లరికం ఉందో కనుక్కోకుండా గుడిపాడు బస్సెక్కొద్దు.

ఇక రాతలో జరిగే మార్పులు మరీ కష్టపెడతాయి. నేను చూసిన ఒక కేసులో అన్నదమ్ములిద్దరు. అన్న రికార్డులన్నీ "యర్రా", తమ్ముడివి "ఎర్రా". బడిలో చేర్పించిన రోజు ఎవరు ఎలా రాస్తే అలా ఉండిపోయింది. తండ్రి పోయాక మ్యుటేషన్‌కు, అంటే భూమి రికార్డుల్లో పేరు మార్పించుకోవడానికి, వెళ్తే ఒక కార్యాలయంలో వీళ్ళిద్దరూ ఒక తండ్రి బిడ్డలే కాదన్నట్టు ఫైలు తిప్పి పంపారు. ఏడాదిన్నర తిరిగారు. చివరికి తండ్రి పేరు మీదున్న పాత రిజిస్టర్డ్ దస్తావేజు, ఇద్దరి అఫిడవిట్లు, ఊరి పెద్దల సాక్ష్యం పెడితే పని జరిగింది. తమ్ముడు నా అరుగు మీద కూర్చుని ఒకే మాట అన్నాడు: "ఒక అక్షరానికి మా నాన్న నాకు నాన్న కాకుండా పోయాడండీ." ఆ రోజు నుంచి ఎవరి పిల్లల పేరు రాస్తున్నా ఇంటిపేరు మూడుసార్లు అడిగి రాస్తున్నాను.

మీరు విదేశంలో ఉన్నారు కాబట్టి ఒక మాట. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఇంటిపేరు, గివెన్ నేమ్ గడిలో సొంత పేరు రెండూ నిండి ఉండేలా చూసుకోండి. గివెన్ నేమ్ గడి ఖాళీగా వదిలేసినవాళ్ళకు అమెరికా వీసాలో పేరు స్థానంలో "ఎఫ్ఎన్‌యూ" అని పడుతుంది. పేరు తెలియదు అని దానర్థం. తర్వాత బ్యాంకు, లైసెన్సు, ప్రతిచోటా అదే తలనొప్పి. మీ పిల్లలకు ఇంటిపేరు ఇంగ్లిష్‌లో ఏ స్పెల్లింగ్‌తో ఉంటే అదే అన్ని కాగితాల్లో ఉండనివ్వండి. చివర ఒకచోట "ti", ఒకచోట "tee" వద్దు.

మీ ఊరు ఏ గుడిపాడో తేల్చడానికి నేనైతే ఈ వరుసలో వెళ్తాను. మొదట ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళను గోత్రం, ఇలవేలుపు, పాత రోజుల్లో ఏ జాతరకు మొక్కు చెల్లించేవారో అడగండి. మనిషి ఊరు మారినా మొక్కు మారడానికి రెండు మూడు తరాలు పడుతుంది. ఆ దేవుడి గుడి ఎక్కడుందో చూస్తే జిల్లా తెలిసిపోతుంది. ఆ తర్వాత పాత భూమి రికార్డులు. ఆంధ్ర వైపైతే పాత అడంగళ్ళు, రీసెటిల్‌మెంట్ రిజిస్టరు. తెలంగాణ వైపైతే సేత్వార్, ఖాస్రా పహాణీ. గోత్రాలు, ఇంటిపేర్లు పాడే వంశరాజుల కుటుంబాలు మీ ఊరికి వచ్చేవారేమో కూడా అడగండి. వాళ్ళు చెప్పేదంతా చరిత్ర కాకపోవచ్చు, కానీ ఊరి పేరు మాత్రం చాలాసార్లు సరిగ్గానే దొరికింది నాకు.

అన్నిటికంటే ముఖ్యంగా మీ తాతగారి పేరుమీద ఉన్న అతి పాత దస్తావేజు ఏదైనా తీయించండి. అసలు కాగితం పోతే రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ అడగొచ్చు. మొదటి పేరాలో తండ్రి పేరు తర్వాత "ఫలానా గ్రామ కాపురస్తులు" అని ఉంటుంది. ఆ వరుసా, మీకు తెలిసిన ఇలవేలుపు పేరూ ఇక్కడ రాయండి. సర్వే నంబర్లు, మనుషుల పేర్లు రాయొద్దు, ఊరి పేరు చాలు. చూసి చెబుతాను.